సగటున ఇరవై నాలుగు డిగ్రీలు

పెన్‌గంగ విశ్వవిద్యాలయానికి కరెంటు పొదుపు మీద ప్రేమ పుట్టింది ఒక వేసవిలో. వైస్ ఛాన్సలర్ రాజధానిలో ఏదో సదస్సుకు వెళ్లి, శాలువాతో పాటు ఒక సంగతి కూడా పట్టుకొచ్చారు. ఏసీని ఇరవై నాలుగు డిగ్రీలకు తగ్గకుండా పెట్టుకుంటే దేశానికి బోలెడు కరెంటు మిగులుతుందట. మంచి మాటే. దానితో ఎవరికీ పేచీ లేదు. మరునాడే ఉత్తర్వు ముసాయిదా తయారైంది: “ప్రాంగణములోని ఏ ఏసీ యంత్రములోను ఉష్ణోగ్రత ఇరవై నాలుగు డిగ్రీలకు తగ్గరాదు.”

ముసాయిదా డీన్ల సమావేశానికి వెళ్లింది. ఏసీ ఉన్నవాళ్లకే నియమం పెట్టి లేనివాళ్లను వదిలేయడం వివక్ష కాదా అని కామర్స్ డీన్ అడిగారు. ఆయన గదిలో ఏసీ లేదు. అందరికీ న్యాయం జరగాలని ‘ఏసీ’ అన్న మాట కొట్టేశారు. ఇక మిగిలింది ‘ఏ యంత్రములోను’. పక్కన ‘ఏ గదిలోను’ అని కూడా చేర్చారు. అందరూ చేతులెత్తి, టీ తాగి, ఇళ్లకు వెళ్లారు.

అమలు చేయడానికి ఉష్ణోగ్రతా క్రమశిక్షణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆచార్యుడు చకిలం వామనరావు. ఉత్తర్వు చేతికొస్తే ఆయన దాన్ని అమలు చేస్తారు. అది ఎందుకు పుట్టిందని అడగడం తన పని కాదని ముప్పై ఏళ్ల సర్వీసులో ఎప్పుడూ మరిచిపోలేదు. ఆయన వెంట థర్మామీటరు పట్టుకుని తిరిగే బాధ్యత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ ఖలీల్‌ది.

మొదట క్యాంటీన్ ఫ్రిజ్ దొరికింది. దాన్ని ఇరవై నాలుగుకు తెచ్చారు. పాలు విరిగాయి. క్యాంటీన్ వాళ్లు పన్నీరు కూర వండి అమ్మారు. విద్యార్థుల ఆహారంలో మాంసకృత్తులు పెరిగినట్టు సంఘం నివేదికలో రాసుకుంది. తర్వాత ఆరోగ్య కేంద్రంలో టీకా మందులు పాడయ్యాయి. టీకా కావలసినవాళ్లు పట్టణం ఆసుపత్రికి వెళ్లాలని బోర్డు పెట్టారు.

భౌతికశాస్త్ర విభాగంలో పరిశోధక విద్యార్థిని తొడసం యశోద ఈ బోర్డు చదివింది, నవ్వుకుంది, తన పనిలో పడింది. తన గది దాకా వస్తారని ఆమె అనుకోలేదు.

ఆమె పని ఒక పొర మీద. గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకపు పొర అది. మందం వెంట్రుకలో కొన్ని వేలవ వంతు. దానికి పైనా కిందా అల్యూమినియం కలిపిన పొరలు ఉంటాయి. మధ్య పొరలో పడ్డ ఎలక్ట్రాన్ పైకీ రాలేదు, కిందికీ పోలేదు. అందుకే దాన్ని క్వాంటమ్ బావి అంటారు. ఆ బావి మీద లేజర్ వెలుగు వేస్తే ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి లేస్తుంది. ఖాళీ అయిన చోటు పేరు రంధ్రం. ఎలక్ట్రాన్‌ది రుణావేశం, రంధ్రానిది ధనావేశం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. ఆ జంటను ఎక్సిటాన్ అంటారు. మొత్తం మీద దానికి ఆవేశం ఉండదు. కాని ఆ బావిలో ముందే కొన్ని ఎలక్ట్రాన్లు విడిగా తిరుగుతుంటే, వాటిలో ఒకటి వచ్చి జంటకు అతుక్కుంటుంది. అప్పుడు ముగ్గురవుతారు, ఆవేశమూ వస్తుంది. ఇదే ట్రయాన్. రెప్పపాటులో కోట్లవ వంతు బతుకుతుంది. ఎలక్ట్రాన్ తిరిగి రంధ్రంలో పడుతుంది, వెలుగు వస్తుంది, మూడోది మళ్లీ ఒంటరిదవుతుంది. జంట ఇచ్చే వెలుగు కంటె ముగ్గురున్నప్పుడు వచ్చే వెలుగుకు శక్తి పిసరంత తక్కువ. గ్రాఫు గీస్తే జంట శిఖరం పక్కన రెండో శిఖరం కనబడాలి.

యశోద థీసిస్‌లో అన్నీ ఉన్నాయి, ఆ రెండో శిఖరం ఉన్న గ్రాఫు తప్ప. దానికి పొరను నాలుగు కెల్విన్‌లకు చల్లబరచాలి. అందుకు ద్రవ హీలియం కావాలి. ఆ విభాగానికి ఏడాదికి ఒక్కసారి, ఒక్క డ్యూవర్ హీలియం హైదరాబాదు నుంచి వ్యానులో వస్తుంది. డ్యూవర్ అంటే మనిషంత ఎత్తు థర్మాస్ ఫ్లాస్కు. వాడినా వాడకపోయినా అందులో హీలియం రోజూ కొంచెం ఆవిరైపోతుంది. ఆమె ఫెలోషిప్ డిసెంబరుతో ఆఖరు. నవంబరు చివర్లో డ్యూవర్ దిగింది. పొరను లోపల పెట్టి చల్లబరిచే యంత్రం నాలుగుకు దిగిన పూటే వామనరావు తలుపు తట్టారు.

“ఇదేమిటమ్మా, ఇక్కడ నాలుగు చూపుచున్నది?” అన్నారు యంత్రం మీది అంకె చూసి. “నియమము ఇరవై నాలుగు. ఇరవై డిగ్రీల ఉల్లంఘన.”

“అది సెంటిగ్రేడు కాదు సార్, కెల్విన్” అంది యశోద.

“అనగా ఎక్కువా, తక్కువా?”

అబద్ధమాడితే సరిపోయేది. ఆమెకు ఆ అలవాటు లేదు. “తక్కువే సార్. మన లెక్కల మైనస్ రెండు వందల అరవై తొమ్మిది.”

వామనరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఖలీల్, ఉల్లంఘన ఎంత అయినట్లు?”

“రెండు వందల తొంభై మూడు సార్” అన్నాడు ఖలీల్. “ఇప్పటిదాంక మన దగ్గర పెద్దది ఐస్‌క్రీం పెట్టెది. అది నలభై రెండే.”

“అమ్మాయీ, ఈ ట్రయాన్లు ఇరవై నాలుగు డిగ్రీల వద్ద పనిచేయవా?”

“నిలువయి సార్.”

“మన గ్రంథాలయ సిబ్బంది మే మాసములో నలభై నాలుగు వద్ద నిలుచుచున్నారు.”

యశోద ఒక క్షణం ఆలోచించింది. “సార్, మీరు ఆర్టీసీ బస్సుల తిరిగినోళ్లే కద. ఇద్దరు కూసునే సీటుల మూడో మనిషొచ్చి జర జరుగుమని అంచుకు కూసుంటడు. రోడ్డు సాఫుగ ఉంటే ఉంటడు. గుంతొస్తే ముందుగాల కిందపడేది ఆయనే. ఇందుల మూడోదిగ వచ్చిన ఎలక్ట్రాన్ గట్ల కూసున్నది. వేడంటే గుంతలు సార్. ఇరవై నాలుగు డిగ్రీలంటే రోడ్డే ఉండదు, అన్ని గుంతలే.”

“గిదైతే నాకు సమజైంది సార్” అన్నాడు ఖలీల్.

“నాకును అయినది” అన్నారు వామనరావు. “ఇద్దరి ఆసనమున ముగ్గురు కూర్చొనుటయే రవాణా నిబంధనలకు విరుద్ధము. అట్టి మూడవ వానికి ప్రత్యేక సదుపాయము కల్పించుటకు ఈ సంఘమునకు అధికారము లేదు.”

యంత్రానికి సీలు పడింది. డ్యూవర్‌కు మాత్రం వేయలేదు. వేస్తే పేలుతుందని యశోద చెప్పింది. పేలుడు మీద ఈ సంఘానికి అధికారం లేదని తేలింది. డ్యూవర్ మూతి దగ్గర హీలియం సన్నగా బుసకొడుతూ బయటికి పోతూనే ఉంది.

మినహాయింపు కోసం ఆమె సంఘం ముందు హాజరైంది. వెంట గైడ్ ప్రొఫెసర్ నల్లా మార్కండేయులు వచ్చారు. ఆయన రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి, ఓపిక తక్కువ. సంఘంలో చరిత్ర ఆచార్యుడు ఒకరున్నారు. వారానికి ఒక డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పోతే ట్రయాన్లకు వేడి అలవాటు కావచ్చునని ఆయన సూచించారు. అకౌంట్స్ అధికారి, అవి లేకుండా ప్రయోగం చేస్తే ఖర్చు ఎంత తగ్గుతుందో చెప్పమన్నారు.

మార్కండేయులుకు తిక్క రేగింది. “ఒక పని చేద్దాం వామనరావు గారూ. పక్కన ఒక కొలిమి పెడతం. ఇటు మైనస్ రెండు వందల అరవై తొమ్మిది, అటు ప్లస్ మూడు వందల పదిహేడు. రెండూ కలిపి సగటు తీయండి. ఇరవై నాలుగు వస్తది. అప్పుడన్న మమ్మల్ని ఇడుస్తరా?”

ఎవరూ నవ్వలేదు. అకౌంట్స్ అధికారి కాలిక్యులేటర్ తీసి నొక్కి, తల ఊపారు.

“ఆచార్యులవారి సూచనను సంఘము హర్షించుచున్నది” అన్నారు వామనరావు, రాసుకుంటూ. “ఉత్తర్వులో సగటు నిషిద్ధమని లేదు. అందుచేత అనుమతించడమైనది.”

“నేను ఎక్కిరిచ్చిన్నయ్యా!” అన్నారు మార్కండేయులు.

“సూచన ఏ భావముతో చేయబడినదో తీర్మానమున రాయు ఆచారము లేదు.”

రసాయనశాస్త్రం వాళ్ల దగ్గర నుంచి విద్యుత్ కొలిమి తెచ్చి యంత్రం పక్కన పెట్టారు. మూడు వందల పదిహేడు డిగ్రీల దగ్గర అది రాత్రింబవళ్లు నడవసాగింది. సీలు తీశారు. యశోద లేజర్ వెలిగించింది. కొలిమి వేడికి బల్ల మీది గాలి కదిలింది, అద్దాల బిగింపులు సాగాయి. వెలుగు చుక్క పొర మీద నిలవలేదు. ఆమె సరిచేసేది, అది జారేది. మళ్లీ సరిచేసేది, మళ్లీ జారేది. గ్రాఫులో శిఖరం ఉండవలసిన చోట గీతలు గీతలుగా వచ్చింది తప్ప ఏమీ రాలేదు. డ్యూవర్‌లో హీలియం సగానికి దిగింది.

అటు సగటు సూత్రం ప్రాంగణమంతా పాకింది. క్యాంటీన్‌లో ఐస్‌క్రీం మళ్లీ మొదలైంది. కొన్నవాళ్లు పొగలు కక్కే మిర్చి బజ్జీ కూడా కొనాలి. రెండూ ఒకే పళ్లెంలో పెట్టి ఇస్తారు. రెండూ ఒకే బరువుండాలని ఖలీల్ చూస్తాడు. ఆరోగ్య కేంద్రం కొత్త టీకాలు తెప్పించుకుని, ఫ్రిజ్ పక్కన నీళ్ల హీటరు పెట్టుకుంది.

ఇంతలో చలికాలం ముదిరింది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు ఎలా ఉంటుందో తెలిసిందే. తెల్లవారుజామున ప్రాంగణంలో ఏడు డిగ్రీలు నమోదైంది. ఉత్తర్వులో ‘ఏ గదిలోను’ అని స్పష్టంగా ఉంది. విశ్వవిద్యాలయం మొత్తం ఉల్లంఘనలో పడింది. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. రాత్రి ఏడు ఉంటే పగలు నలభై ఒకటి ఉంటే తప్ప సగటు కుదరదు. గదికో హీటరు కొన్నారు. పగటిపూట వాటి ముందు కూర్చుని లెక్చరర్లు చొక్కా గుండీలు విప్పి పాఠం చెప్పారు. చెమట పడుతోందని ఫ్యాన్లు వేశారు. విద్యార్థులు ఎండ పొడ తగలకుండా చెట్ల కింద చల్లగా కూర్చోవాలని బయటికి పోతే, బయట స్వెటర్లు కావలసి వచ్చాయి.

“పొదుపు చేస్తున్నం అంటున్నరు, మీటరు మాత్రం గిరగిర తిరుగుతున్నది సార్” అన్నాడు ఖలీల్.

“పొదుపు అనునది ఒక దృక్పథము ఖలీల్. మీటరు అనునది ఒక పరికరము.”

దృక్పథం సంగతి ట్రాన్స్‌ఫార్మర్‌కు తెలియదు. ఒక ఉదయం ప్రాంగణమంతా హీటర్లు వేసిన పది నిమిషాలకు అది పెద్ద చప్పుడు చేసి కాలిపోయింది. కొత్తది మంచిర్యాల నుంచి రావాలి. అది వచ్చేదాకా కరెంటు లేదన్నారు.

చప్పుడు వినబడినప్పుడు యశోద ల్యాబులోనే ఉంది. లైట్లు పోయాయి. కొలిమి మీది ఎర్ర దీపం ఆరిపోయింది. లేజరుకూ డిటెక్టరుకూ బ్యాటరీ ఉంది కాబట్టి అవి నడుస్తాయి. కొలిమికి బ్యాటరీ లేదు. ఆమె కిటికీలు తీసింది. చలిగాలి లోపలికి వచ్చింది. కొలిమి చల్లారేదాకా చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. మరునాటి తెల్లవారుజాముకు గది తొమ్మిది డిగ్రీలకు దిగింది. బల్ల మీది గాలి నిలిచింది. డ్యూవర్‌లో అడుగున మిగిలిన హీలియాన్ని గొట్టం గుండా యంత్రంలోకి పంపింది. వెలుగు చుక్క పొర మీద పడింది, అక్కడే ఉండిపోయింది.

తెర మీద జంట శిఖరం లేచింది. ఆమె మీట తిప్పి బావిలోకి ఎలక్ట్రాన్లను కొంచెం కొంచెంగా వదిలింది. జంట శిఖరం పక్కన, పిసరంత తక్కువ శక్తి దగ్గర, గీత ఉబ్బింది. ఇంకొంచెం వదిలింది. ఆ ఉబ్బు నిలువునా లేచింది. మొదటిది తగ్గుతూ వచ్చింది, రెండోది పెరుగుతూ వచ్చింది. జంటలకు మూడోది దొరుకుతోంది. యశోద మార్కండేయులుకు ఫోన్ చేసింది. “వచ్చింది సార్” అని మాత్రం అంది. ఆయన స్వెటర్ తిరగేసి తొడుక్కుని పరుగెత్తుకు వచ్చారు.

థీసిస్ రాయడం అయింది. అసలు చిక్కు అక్కడే పడింది. ప్రాంగణంలో చేసిన ప్రయోగాల ఉష్ణోగ్రతలను సంఘం ధ్రువీకరిస్తేనే థీసిస్ ఎగ్జామినర్‌కు వెళుతుంది. సంఘం ధ్రువీకరించేది ఒకే ఉష్ణోగ్రతను. వామనరావు గ్రాఫు కింద ‘నాలుగు కెల్విన్’ కొట్టేసి ‘ఇరవై నాలుగు డిగ్రీలు’ అని రాసి, సంతకం పెట్టమని పంపారు.

“పెట్టెయ్యి బిడ్డా” అన్నారు మార్కండేయులు. “నీకు తెలుసు, నాకు తెలుసు. ఫెలోషిప్ అయిపోతున్నది. గంత సన్నగ చూసి ఎవరు చదువుతరు?”

“ఎగ్జామినర్ చదువుతడు సార్.”

“ఆయన గూడ చదవకపోతే?”

“అది ఇంక అన్యాయం సార్. ఎక్కడనో ఇంకో పిల్ల నా గ్రాఫు నమ్ముతది. ఇరవై నాలుగు దగ్గర దేవులాడుతది. ఉండదాయె. ఏండ్లు పోతయి ఆమెయి.”

యశోద ఆ కాగితం పట్టుకుని వామనరావు గదికి వెళ్లింది. ఆ గదిలో ఆ వారమే వచ్చిన పురస్కారం బల్ల మీద ఉంది. రాజధానిలోని ఇంధన పొదుపు మండలి ఇచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజుల్లో విశ్వవిద్యాలయం కరెంటు వాడకం సున్నా. రాష్ట్రంలో ఏ సంస్థా అంత పొదుపు సాధించలేదట. సంఘం నివేదికలో ఆ రోజులను ‘సంపూర్ణ సంయమన దినములు’ అన్నారు.

“ఇది నేను సంతకం పెట్టలేను సార్. అబద్ధం అయితది.”

“అబద్ధము కాదమ్మా. సగటు.”

“సగటు గూడ కాదు సార్. ఆ రోజు కొలిమి నడువలే. అది గూడ తొమ్మిది డిగ్రీలకు దిగింది. మైనస్ రెండు వందల అరవై తొమ్మిది, తొమ్మిది కలిపి సగటు తీస్తే మైనస్ నూట ముప్పై. ఇరవై నాలుగు రావాల్నంటే కొలిమి నడిచినట్టు రాయాలె.”

“అటులనే రాయుదము.”

“కొలిమి కరెంటుతోని నడుస్తది సార్” అంది యశోద. చూపు పురస్కారం మీద ఉంది. “ఆ రోజులల్ల కరెంటు వాడినమని రాద్దామా?”

వామనరావు కూడా అటు చూశారు. తర్వాత కాగితం వెనక్కి తీసుకుని, ‘ఇరవై నాలుగు’ కొట్టేసి, ‘నాలుగు కెల్విన్’ తన చేత్తో రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు.

ఎగ్జామినర్ చదివాడు. ఆ గ్రాఫు దగ్గర రెండు ప్రశ్నలడిగాడు, జవాబులకు తృప్తిపడ్డాడు. యశోదకు పట్టా వచ్చింది. మార్కండేయులు రిటైరయ్యారు. ఆమె అదే విభాగంలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరింది.

కాని వామనరావు స్వయంగా ధ్రువీకరించిన రెండు వందల తొంభై మూడు డిగ్రీల ఉల్లంఘన ఒకటి అలాగే మిగిలిపోయింది. ధ్రువీకరించిన తర్వాత చర్య తీసుకోకపోతే ఆడిట్ ఊరుకోదు. సంఘం విచారణకు కూర్చుంది. ఉల్లంఘించినది విద్యార్థిని. ఇప్పుడు ఆ విద్యార్థిని లేదు. గైడ్ రిటైరయ్యాడు. యంత్రం విశ్వవిద్యాలయం ఆస్తి, తన ఆస్తికి తాను నోటీసు ఇచ్చుకోలేదు. ఇక మిగిలింది, ఎవరి కోసమైతే అంత చలి అవసరమైందో వాళ్లు.

“ట్రయాన్లు అనువారికి తెలియజేయునది ఏమనగా, తాము ప్రాంగణ ఉష్ణోగ్రతా నియమములను ఉల్లంఘించి ఏర్పడినందున, తమపై ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను” అని నోటీసు తయారైంది. అందజేసే పని ఖలీల్‌కు అప్పగించారు.

ఖలీల్ నోటీసు పట్టుకుని ల్యాబుకు వచ్చాడు. “యశోదమ్మా, వీళ్లు ఏడున్నరు?”

“లేరు ఖలీల్ భాయ్.”

“లైటేస్తే వస్తరంటివి గద?”

“చలి ఉంటే వస్తరు. చలి రావాల్నంటే హీలియం ఉండాలె. అది అయిపోయింది. మళ్ల వచ్చే ఏడే. అది గూడ మీ సంఘం ఒప్పుకుంటేనే.”

ఖలీల్ గడ్డం గోక్కున్నాడు. తనకు చేతనైన రీతిలో నివేదిక రాసిచ్చాడు. నోటీసు అందజేయుటకు సదరు వ్యక్తులు హాజరుగా ఉండవలెను, వారు హాజరు కావలెనన్న యంత్రము చల్లబడవలెను, ఉత్తర్వు కోరడమైనది.

సంఘం చర్చించింది. నోటీసు అందజేయకుండా చర్య తీసుకోవడం సహజ న్యాయానికి విరుద్ధం. నోటీసు అందజేయడం చట్టబద్ధమైన విధి. విధి నిర్వహణకు అవసరమైన చలిని ఉల్లంఘన అనలేం. కొలిమి అక్కరలేదు. ఏడాది ఆగనక్కరలేదు. హీలియం కొనుగోలుకు ‘నోటీసుల బట్వాడా’ పద్దు కింద అనుమతి ఇచ్చారు. నోటీసు పూర్తిగా చదివి వినిపించేవరకు మాత్రమే యంత్రం చల్లగా ఉండవచ్చునని షరతు పెట్టారు.

డ్యూవర్ దిగింది. యశోద ఈసారి వేరే పొర తెచ్చి యంత్రంలో పెట్టింది. అందులో మిగులుగా ఉన్నవి ఎలక్ట్రాన్లు కావు, రంధ్రాలు. అప్పుడు జంటకు అతుక్కునే మూడోది రంధ్రమే కావాలి, ఆవేశం తిరగబడాలి. అవుతుందో లేదో చూడాలి. అంకె నాలుగుకు దిగింది. ఆమె లేజర్ వెలిగించి, తెర ముందు కూర్చుని, తల ఊపింది.

ఖలీల్ యంత్రం కిటికీ ముందు నిటారుగా నిలబడి, కళ్లద్దాలు సవరించుకుని, గొంతు సరిచేసుకున్నాడు.

“ట్రయాన్లు అనువారికి...”

తెర మీద, జంట శిఖరం పక్కన, గీత కదిలింది.

“మెల్లగ చదువు ఖలీల్ భాయ్” అంది యశోద, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. “ఒక్కొక్క అక్షరం ఆగి చదువు. వాళ్లకు తెలుగు రాదు.”